అక్కా, బెడ్ దగ్గరికి పోదాం పా

నాకు రాసి సలహా అడిగిన చెల్లెలు అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏడాదిన్నరగా స్టాఫ్ నర్సు. వార్డులో 30 మంది పేషెంట్లు, షిఫ్టుకు ఇద్దరే సిస్టర్లు. ముందు షిఫ్టు వాళ్ళు పనులు మిగిల్చిపోతారని, అడిగితే గొడవని, సీనియర్లు పేషెంట్ల ముందే అరుస్తారని రాసింది. డ్యూటీ మార్చుకోవడానికి అందరూ తన దగ్గరికే వస్తారట, తనకు అవసరమైన రోజు మాత్రం ఒక్కరూ దొరకరట. నైట్లు చేసి నిద్ర లేక ఇంట్లో వాళ్ళ మీద చిరాకు పడుతోందట. మానేసి బెంగళూరు వెళ్ళిపోనా అని అడిగింది.

చెల్లీ, వయసులో పెద్దదాన్ని, అందుకే నువ్వు అని రాస్తున్నాను. 27 ఏళ్ళు నర్సుగా చేశాను. మొదటి ఆరేళ్ళు కడపలో, తర్వాతదంతా కర్నూలులో. మెడికల్ వార్డు, క్యాజువాలిటీ, చివరి తొమ్మిదేళ్ళు హెడ్ నర్సు. నువ్వు రాసినవన్నీ ఏదో ఒక రోజు నేనూ డ్రెస్సింగ్ రూములో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ అనుకున్నవే. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిక ఉన్నప్పుడు చదువుకో.

నువ్వు నాలుగైదు సమస్యలు రాశావు. నా అనుభవంలో వాటిలో సగానికి పైగా షిఫ్టు మారే ఆ పావుగంటలోనే పుడతాయి. పోయేవాళ్ళకు బస్సు తొందర. వచ్చేవాళ్ళు ఇంట్లో పని ముగించుకుని ఉరుకులు పరుగుల మీద వచ్చి ఉంటారు. ఇద్దరూ టేబుల్ దగ్గర నిలబడి రిపోర్ట్ బుక్కు తిప్పుతూ "ఒకటి స్టేబుల్, రెండు స్టేబుల్, మూడు డిశ్చార్జి" అనుకుంటారు. పోయినామె బస్టాండు చేరేలోపు ఇక్కడ వచ్చినామె తిట్టుకోవడం మొదలుపెడుతుంది.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. 2006 ప్రాంతం. పత్తి చేనుకు మందు కొడుతూ పడిపోయిన ఒక అబ్బాయిని ఆదోని వైపు నుంచి తెచ్చారు, 14వ బెడ్డు. పురుగుమందు కేసులు మన సీమలో పనిచేసిన నర్సుకు కొత్త కాదు. ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ డ్రిప్పు పెట్టాలంటే 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్ళు ఒక్కొక్కటే విరిచి సెలైన్‌లో కలపాలి, 30 మిల్లీగ్రాములు కావాలంటే 50 ఆంప్యూళ్ళు. విరిచీ విరిచీ బొటనవేలు, చూపుడువేలు గాజు పెంకులకు కోసుకుపోయేవి. నేను నైట్‌కు వచ్చేసరికి మధ్యాహ్నం షిఫ్టు సిస్టర్ టేబుల్ దగ్గర చార్జ్ ఇచ్చింది, అంటే డ్యూటీ అప్పగించింది. నేను బీరువా తాళాలు, ఇంజెక్షన్ల లెక్క చూసుకుంటూ వింటున్నాను. "14 సంగతి రాసినాను అక్కా, చూడు" అంది. "సరే సరే, నువ్వు పో, బస్సు పోతాది" అన్నాను.

తొమ్మిదిన్నరకు రౌండుకు పోయి చూస్తే ఆ అబ్బాయి దిండు తడిసిపోయి ఉంది. నోటి నుంచి జొల్లు కారుతోంది. చంకలో చెయ్యి పెడితే చెమట. టార్చి వేసి చూస్తే కంటిపాప సూది మొనంత. ఛాతీలో గరగర. పైకి చూస్తే బాటిల్ వేలాడుతోంది, చుక్కలూ పడుతున్నాయి, కానీ అట్రోపిన్ అని రాసే ప్లాస్టరు ముక్క దానికి లేదు. అది ఒట్టి సెలైన్. సక్షన్ పెట్టి, డ్యూటీ డాక్టరుకు కబురు పంపి, ఆయన చెప్పినట్టు అట్రోపిన్ నరానికి ఇస్తూ పోయాం. రెండు గంటలు ఆ బెడ్డు దగ్గర నుంచి కదల్లేదు. ఛాతీ శుభ్రపడి, చంక పొడిబారి, నాడి 100 దాటాక గాని నాకు ఊపిరి ఆడలేదు. ఆ అబ్బాయి బతికాడు. తొమ్మిదో రోజున నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ రాత్రంతా ఆ సిస్టర్‌ను తిట్టుకున్నాను. మర్నాడు ఆమె డ్యూటీకి వచ్చేదాకా ఇంటికి పోకుండా ఉండి, వచ్చీ రాగానే అందరి ముందు నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. రిపోర్ట్ బుక్కు తెరిచి వేలు పెట్టి చూపించింది. "బెడ్ 14, అట్రోపిన్ అయిపోయింది, తెప్పించమని ఇండెంట్ పెట్టాను, లైను పోకుండా నార్మల్ సెలైన్ నడుస్తోంది, ఆంప్యూళ్ళు రాగానే కలపాలి." ఆంప్యూళ్ళు ఎనిమిదికి పది నిమిషాల ముందు వచ్చి బీరువా పక్కన ట్రేలో ఉన్నాయి. నేను తాళాలు లెక్కపెట్టుకున్న చోటికి మూరెడు దూరంలో. ఆమె రాసింది, చెప్పింది కూడా. విననిది నేను. ఎక్కడ అరిచానో అక్కడే, ఎంతమంది ముందు అరిచానో అంతమంది ముందే తప్పు ఒప్పుకున్నాను. ఆమె కూడా ఒక మాట అంది: "నేనూ నిన్ను చెయ్యి పట్టుకుని బెడ్ దగ్గరికి తీసుకుపోయి ఉండాల్సింది అక్కా."

అప్పటి నుంచి నేను టేబుల్ దగ్గర చార్జ్ తీసుకోలేదు, ఇవ్వలేదు. నీకు కూడా నేను చెప్పే మొదటి పని ఇదే. రేపు వెళ్ళగానే "అక్కా, బెడ్ దగ్గరికి పోదాం పా" అను. మొదట్లో సణుగుతారు. "30 బెడ్లూ తిరగాలా, మాకు ఇల్లూ వాకిలీ లేవా" అంటారు. అందరి దగ్గరా ఆగక్కర్లేదు. ఏ షిఫ్టులో చూసినా బాగా సీరియస్‌గా ఉండేది ఐదారుగురు. ముందు వాళ్ళ దగ్గరికి పో, రెండేసి నిమిషాలు ఆగు. మిగతావాళ్ళ దగ్గర నడుస్తూ ముఖం చూసి, పేరు కలుపుకుని, సెలైన్ ఉందా అయిపోయిందా చూసుకుంటే చాలు. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు.

బెడ్ దగ్గర నిలబడితే నోరు చెప్పనివి కళ్ళు చెప్తాయి. సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టిన చోట వాచిందా, బాటిల్ మీద ఏ మందో రాసి ఉందా, యూరిన్ బ్యాగులో ఎంతుంది, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు ఎక్కడుంది. సక్షన్ మిషన్ ఒకసారి ఆన్ చేసి చూడు. తేడా ఏదైనా ఉంటే పోయే సిస్టర్ అక్కడే ఉంటుంది కాబట్టి అడగొచ్చు. అదే తొమ్మిదింటికి తెలిస్తే అడగడానికి మనిషి ఉండదు, తిట్టుకోవడం ఒక్కటే మిగుల్తుంది.

చెప్పేటప్పుడు నాలుగు ముక్కలు చాలు. ఎవరు, ఎందుకు చేరారు. ఈ షిఫ్టులో ఏం జరిగింది. ఇప్పుడు ఎలా ఉన్నారు. నువ్వు ఎన్ని గంటలకు ఏం చెయ్యాలి. ఇంగ్లీషులో దీన్నే ఎస్‌బార్ అని నేర్పుతారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి అది, అక్కడి నుంచి ఆసుపత్రులకు వచ్చింది. డాక్టరుకు అర్ధరాత్రి ఫోన్ చేసేటప్పుడు కూడా ఇదే వరస పాటించు. "సార్, పేషెంటు బాలేదు" అంటే ఆయనా విసుక్కుంటాడు. బీపీ, నాడి, ఆక్సిజన్ శాతం చేతిలో పెట్టుకుని చేస్తే లేచి వస్తాడు.

ఇక మిగిల్చిపోయే పనులు. ఇందులో నిజంగా బద్ధకంతో వదిలేసేది కొంతే. ఎక్కువ గొడవ "ఇది ఎవరిది" అని ముందే తేల్చుకోకపోవడం వల్ల. రెండు గంటల ఇంజెక్షన్ సంగతే చూడు. ఎనిమిది గంటలకోసారి ఇచ్చే యాంటీబయోటిక్ పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. పన్నెండు గంటలకోసారి ఇచ్చేది పొద్దున 8, రాత్రి 8. ఆ 2, ఆ 8 సరిగ్గా షిఫ్టు గీత మీద పడతాయి. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు ఇస్తారనుకుంటారు, వచ్చేవాళ్ళు ఇచ్చేసి ఉంటారనుకుంటారు. కొందరు ఒంటిగంటకే ఇచ్చేసి రెండని సంతకం పెట్టి పోతారు. ఇంకొందరు పోయే తొందరలో సిరంజిలోకి ఎక్కించి ట్రేలో పెట్టి "నువ్వు ఇచ్చెయ్ అంతే" అంటారు. ఆ సిరంజి ముట్టుకోవద్దు. ఎవరు ఎక్కించారో వాళ్ళే ఇవ్వాలి, ఎవరు ఇచ్చారో వాళ్ళే సంతకం పెట్టాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

మా వార్డులో ఒక రోజు మూడు షిఫ్టుల వాళ్ళం ఒకచోట కూర్చుని తేల్చుకున్నాం. 2 గంటల మందులు, రాత్రి 8 గంటల మందులు వచ్చే షిఫ్టువి. పొద్దున 6 గంటల మందులు, రక్తం శాంపిళ్ళు, టీపీఆర్ చార్టు (జ్వరం, నాడి, ఊపిరి లెక్క) నైట్ వాళ్ళవి. ఎమర్జెన్సీ ట్రాలీ ఎవరు వాడితే వాళ్ళే నింపాలి. నింపడానికి వార్డులో సరుకు లేకపోతే ఇండెంట్ రాసి, ఆ సంగతి బెడ్ దగ్గరి హ్యాండోవర్‌లో చెప్పాలి. పింక్ కాన్యులా ఎన్ని, బ్లూ ఎన్ని, అడ్రినలిన్ ఎన్ని ఉండాలో అట్టముక్క మీద రాసి ట్రాలీకి కట్టాం. పెద్ద పనేమీ కాదు. కానీ అది తేల్చుకున్నాక మా వార్డులో పొద్దుటి పోట్లాటలు సగానికి సగం తగ్గాయి. మీ హెడ్ నర్సును ఒక అరగంట ఇలా కూర్చోబెట్టమని అడుగు. "వాళ్ళు పని చెయ్యరు మేడమ్" అని మొదలుపెట్టకు. "మేడమ్, రెండు గంటల ఇంజెక్షన్ ఎవరు ఇవ్వాలో ఒకసారి చెప్పండి" అని అడుగు.

సీనియర్ల అరుపుల గురించి నేను రెండు వైపులా చెప్పాలి, ఎందుకంటే రెండు వైపులా ఉన్నాను. మన సీమ మాటే గట్టిగా ఉంటుంది, ప్రేమగా పలకరించినా పక్క వీధికి వినిపిస్తుంది. కాబట్టి గొంతు చూసి కాదు, మాటలో ఏముందో చూసి తీసుకో. ఒకసారి మా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ వయల్ నుంచి ఆరెంజ్ క్యాపు సిరంజితో తీస్తోంది. ఆరెంజ్ క్యాపు 100 యూనిట్ల ఇన్సులిన్‌కు, 40కి ఎర్ర క్యాపు. ఆ సిరంజిలో పది గీతలు లాగితే పేషెంటుకు పోయేది నాలుగు యూనిట్లే. అదే తారుమారైతే, 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర క్యాపు సిరంజిలో పది గీతలు లాగితే 25 యూనిట్లు పోతాయి, మనిషి షుగర్ పడిపోయి కోమాలోకి పోవచ్చు. సీనియర్ సిస్టర్ చూసి కేక వేసి చెయ్యి పట్టుకుంది. అది అవసరమైన కేక, అక్కడ మర్యాద చూసుకోవడానికి టైము లేదు. కానీ ఆమె అక్కడితో ఆపలేదు. "ఏం సదువుకున్యావో, డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్యావా" అని పేషెంటు, వాళ్ళ బంధువులు అందరూ వింటుండగా అంది. ఆ రెండో మాట ఆ పిల్లకు ఏమీ నేర్పలేదు. పైగా మర్నాటి నుంచి ఆ పేషెంటు ఆమె చేత సూది వేయించుకోలేదు. నేను సీనియర్‌ను లోపలికి పిలిచి ఆ సంగతే చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది, వారం మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్లను కూర్చోబెట్టుకుని రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి నేర్పించింది కూడా ఆమే.

నీకు అలా జరిగితే అక్కడ ఎదురు చెప్పకు, ఏడవకు, చేతిలో పని పూర్తి చెయ్యి. డ్యూటీ దిగేముందు ఒంటరిగా పట్టుకుని "అక్కా, తప్పు చెప్పినావు, దిద్దుకుంటాను. కానీ పేషెంట్ల ముందు ఆ మాట అన్నావు చూడు, దానికి బాధపడినాను. అట్లాంటివి ఉంటే లోపలికి పిలిచి చెప్పు" అను. పదిమందిలో ఏడెనిమిది మంది ఈ మాటకు తగ్గుతారు. తగ్గనివాళ్ళు ఉంటారు. వాళ్ళ విషయం తారీఖుతో సహా రాసిపెట్టుకుని హెడ్ నర్సు దగ్గరికో, నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికో తీసుకుపో.

తిడతారనే భయంతో దాచకూడనిది ఒకటుంది. సూది గుచ్చుకుంటే దాచొద్దు. ఎంతమంది పిల్లలు చేతికి దూది చుట్టుకుని ఊరుకున్నారో నాకు తెలుసు. సబ్బుతో నీళ్ళ కింద కడుక్కో, పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నావా? లేకపోతే ఈ నెలలోనే మొదలుపెట్టు.

డ్యూటీ మార్పిడి. నువ్వు కాదనలేవని అందరికీ తెలిసిపోయింది, అందుకే నీ దగ్గరికే వస్తున్నారు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో. ఎవరికి ఎప్పుడు చేశావో రాయి. మార్చుకునేటప్పుడే తిరిగి ఇచ్చే తారీఖు కూడా అడిగి, డ్యూటీ లిస్టు మీద ఇద్దరూ సంతకం పెట్టి హెడ్ నర్సుకు చూపించండి. "తర్వాత చేస్తాలే" అన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు. మాట మీద మార్చుకుని అవతలి మనిషి రాకపోతే, లిస్టులో ఎవరి పేరుంటే వాళ్ళకే మెమో.

పండగలకు మాత్రం ఇంత లెక్క వద్దు. కడపలో ఉన్నప్పుడు మా వార్డులో క్రిస్టియన్ సిస్టర్లు, ముస్లిం సిస్టర్లు, మేమూ ఉండేవాళ్ళం. క్రిస్మస్ నైట్ మేము చేసేవాళ్ళం, రంజాన్‌కు మిగతావాళ్ళం సర్దుకునేవాళ్ళం, సంక్రాంతికి వాళ్ళు నిలబడేవాళ్ళు. ఉగాది ఒక్కటే ఇబ్బంది, ఎందుకంటే ఆ రోజు దేవుని కడప గుడికి ముస్లింలు కూడా పోతారు. వెంకటేశ్వరస్వామి భార్య బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని వాళ్ళ నమ్మకం. మా సిస్టర్ ఒకామె డ్యూటీ దిగి స్నానం చేసి నాతోపాటే గుడికి వచ్చేది. ఆ పద్ధతికి ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఏడాది మొదట్లోనే టీ తాగుతూ క్యాలెండర్ ముందు పెట్టుకుని పంచుకునేవాళ్ళం.

నిద్ర విషయం. మన ఎండల్లో నైట్ చేసి వచ్చి పగలు పడుకోవడం ఎంత నరకమో రాయక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండింటికే గోడలు వేడెక్కుతాయి. ఇంటికి రాగానే పనులు పెట్టుకోకు. రాగానే కాస్త ఏదైనా తిని ఎనిమిదిన్నర, తొమ్మిదికే పడుకో, చల్లగా ఉండే ఆ రెండు మూడు గంటలు వదులుకోకు. కిటికీకి మందం దుప్పటి కట్టు. సాయంత్రం డ్యూటీకి పోయేముందు ఇంకో గంటన్నర కునుకు. రాత్రి రెండు దాటాక టీ, కాఫీ మానెయ్, లేకపోతే పొద్దున నిద్ర పట్టదు. మూడు నుంచి ఐదు మధ్య ఎవరి బుర్రయినా మందగిస్తుంది, అది నీ చేతగానితనం కాదు. ఆ టైములో ఇన్సులిన్, పొటాషియం, హెపారిన్, పిల్లల డోసులు ఉంటే పక్క సిస్టర్‌కు వయల్, సిరంజి, కేస్ షీట్ మూడూ చూపించాకే ఇవ్వు. ఆమె కూడా నీకు చూపించాలి. మా జంట నైట్లలో ఇది నియమంగా పెట్టుకున్నాం, ఎవరికీ చిన్నతనం అనిపించలేదు.

డ్యూటీలు వేసేవాళ్ళను ఒకటి అడుగు. పొద్దున, తర్వాత మధ్యాహ్నం, తర్వాత నైట్ అనే వరసలో వేస్తే ఒళ్ళు తొందరగా అలవాటు పడుతుంది. నైట్ నుంచి వెనక్కి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి పొద్దుటికి లాగితే నిద్ర చెడుతుంది. చాలాచోట్ల తెలియకే అడ్డదిడ్డంగా వేస్తారు. ఇంట్లో వాళ్ళకు కూడా నీ డ్యూటీ లిస్టు ఒక కాపీ ఇచ్చి వంటింట్లో అంటించు. అమ్మ పగలు పదకొండింటికి లేపుతోందంటే నీ నైట్ ఎప్పుడో ఆమెకు తెలియకపోవడం కూడా ఒక కారణమే.

ఇన్ని చెప్పాను గానీ, 30 మందికి ఇద్దరు అన్న లెక్కను మీరు ఎంత కలిసికట్టుగా ఉన్నా సరిచెయ్యలేరు. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. అంటే మీ వార్డుకు షిఫ్టుకు ఆరుగురు. ఇద్దరితో నడిపిస్తూ పని మిగిలిపోయిందని మీలో మీరు పోట్లాడుకుంటుంటే, అసలు అడగాల్సిన వాళ్ళను ఎవరూ అడగడం లేదు. రోజూ రిపోర్ట్ బుక్కులో పై వరసలో ఇంతమంది పేషెంట్లు, ఇంతమంది సిస్టర్లు అని రాయండి, మూడు షిఫ్టులూ. నెలాఖరుకు ఆ అంకెలు ఒక కాగితం మీద ఎక్కించి, అందరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. ఒక్కదానివే వెళ్ళకు. మేము అలా ఐదు నెలలు ఇచ్చాక మధ్యాహ్నం షిఫ్టుకు ఒక మనిషిని ఇచ్చారు. ఒక్క మనిషే, కానీ ఆ ఒక్కరితో మధ్యాహ్నం అన్నం తినడానికి పది నిమిషాలు దొరికింది.

బెంగళూరు గురించి. వెళ్ళొద్దని అనను. మా వార్డు నుంచి వెళ్ళి బాగుపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ చిరాకులో రాజీనామా ఇవ్వకు. ఇంకో ఆరు నెలలు ఆగితే రెండేళ్ళు పూర్తవుతాయి. పెద్ద ఆసుపత్రుల్లోనైనా, తర్వాత గల్ఫ్‌కు పోవాలన్నా ఎక్కువగా అడిగేది ఆ రెండేళ్ళ అనుభవాన్నే. అక్కడ కూడా మూడు షిఫ్టులే, అక్కడ కూడా రెండు గంటల ఇంజెక్షన్ ఉంటుంది. ఈ ఆరు నెలలూ బెడ్ దగ్గరి హ్యాండోవర్ నడిపి చూడు. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే నోటీసు పీరియడ్ పూర్తిచేసి, అనుభవం లెటర్‌లో ఏ వార్డులో ఎన్ని బెడ్లు చూశావో కూడా రాయించుకో, ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రే తీసి చూసుకో.